చప్పుడు చేయని తలుపు

వైకుంఠం మిస్త్రీకి కోపం వస్తే పనిముట్లతో మాట్లాడేవాడు. మనుషులతో మాట్లాడితే బేరం చెడుతుందని అతని భయం. ఆ యుద్ధం రోజుల్లో పాపం, పొద్దస్తమానం పానాలతోనూ సుత్తెలతోనూ మాట్లాడాల్సి వచ్చింది. పెట్రోలుకు కూపన్లు పెట్టారు, శాలిబండ రోడ్డు మీద మోటర్లు పలచబడ్డాయి, లాల్‌దర్వాజా దగ్గరున్న అతని కార్ఖానాకు సైకిళ్లు, టాంగా చక్రాలు తప్ప ఏమీ రావడం లేదు. పదిహేనేళ్లు మోటర్ల మీద ఆడిన చెయ్యి ఇప్పుడు టాంగా ఇరుసుకు చమురు పూయాలంటే ఎంత మంట! ఇంకో ఏడాది ఇలాగే సాగితే తనను మోటరు మిస్త్రీ అనేవాడు ఒక్కడూ మిగలడని అతనికి దిగులు పట్టుకుంది.

అలాంటప్పుడు డ్రైవరు అంజన్ వచ్చి రాజా రఘునాథ్ పర్షాద్ గారి దేవిడీకి, ఆ పాతకాలపు పెద్ద భవంతికి, పిలుచుకుపోయాడు. రాజాగారి పాత ఇంగ్లీషు మోటరుకు తలుపుల అంచున ఉండే రబ్బరు ఎండి, పెచ్చులుగా రాలిపోయింది. సందుల్లోంచి దుమ్ము వస్తోంది, గాలి సరిగ్గా రాజాగారి మెడకు కొడుతోంది. మెడకు గాలి తగలకూడదని హకీము గట్టిగా చెప్పాడట.

"కొత్త రబ్బరు వెయ్యి మిస్త్రీ," అన్నారు రాజాగారు. "పని పసందైతే నువ్వే మా దేవిడీ మిస్త్రీవి. కాగితం రాయించి మొహరు కొట్టిస్త."

దేవిడీ మిస్త్రీ అంటే మాటలా! మోటరు మిస్త్రీ అన్న పేరు నిలబడుతుంది, టాంగాల పీడ విరగడవుతుంది. వైకుంఠం నేల మీద నడవకుండా ఇంటికి వచ్చాడు.

తీరా చూస్తే ఊళ్లో రబ్బరు లేదు. ఉన్నదంతా పల్టన్లకు పోతోంది. అడిగిన ప్రతి దుకాణంలోనూ నవ్వి పంపించారు. చివరికి తనే ఒక ఉపాయం పన్నాడు. చిరిగిన సైకిలు ట్యూబులు నిలువునా కోసి, నూలుతాడు చుట్టూ బిగించి చుట్టాడు. దానికి పైన ఉన్నిగుడ్డ తొడుగు వేసి కుట్టే పని భార్య బాలమ్మ మీద పడింది.

"సూది గుచ్చి గుచ్చి నా ఏళ్లు జల్లెడైనయ్. రాజాగారి మెడకు గాలి తగిలితే నాకేమాయె?" అని సణుగుతూనే నాలుగు తలుపులకూ కుట్టి ఇచ్చింది.

ఇక అతని పని చూడాలి! కిరసనాయిలు పూసి రెండు రోజులు పాత రబ్బరు గీకాడు. గీకిన చోట తడి లేకుండా ఎండనిచ్చి, కొత్త పట్టీని సొల్యూషన్‌తో అతికించాడు. చట్రానికి సుద్ద రాసి తలుపు మూసి, పట్టీ మీద సుద్ద అంటని చోటల్లా లోపల ఇంకో పొర పెట్టాడు. తలుపుకూ చట్రానికీ మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగితే చిరిగిందే గాని రాలేదు. ఆఖరికి తలుపు వేస్తే ఊపిరి వదిలినంత చప్పుడైంది, అంతే. వైకుంఠానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత మంచి పని జన్మలో చేయలేదని అతనికి తెలుసు.

మర్నాడు రాజాగారు మోటరెక్కి షికారు వెళ్లారు. మెప్పు అందుకుందామని వైకుంఠం దేవిడీ కచేరీ వరండాలో ఒక మూల కూర్చున్నాడు.

అక్కడ అతనికి తెలియని మర్యాద ఒకటి ఉంది. ఆ దేవిడీలో గంట లేదు, కేక లేదు. రాజాగారు దిగాక మోటరు తలుపు ఢబ్బుమని పడేది, ఆ మోత లోపలి వాకిలి దాకా వినపడేది. అది వినగానే పచ్చీసు ఆడేవాళ్లు గవ్వలు దాచేవారు, పడుకున్నవాళ్లు లేచి తలపాగాలు పెట్టుకునేవారు, అందరూ వరుసగా నిలబడి సలాం చేసేవారు. ఇరవై ఏళ్లుగా ఆ ఇల్లు ఆ తలుపు మీదే నడుస్తోంది.

ఆ రోజు తలుపు పడింది గాని ఎవరికీ వినపడలేదు. రాజాగారు లోపలికి వచ్చేసరికి మున్షీ గోపాలకృష్ణ ఆయన గాదీ మీదే కూర్చుని, ఆయనలాగే మెడ పట్టుకుని, "అరే, గాలి కొడుతున్నది, గాలి!" అని మూలుగుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు.

అయ్యో, ఆ గడియ పగవాడికి కూడా వద్దు. మున్షీ గాదీ మీంచి ఎలా దిగాడో అతనికే తెలియదు. తీరా రాజాగారి చూపు మాత్రం మూలనున్న వైకుంఠం మీద పడింది.

"క్యా మిస్త్రీ! నా ఇంట్ల నేనే దొంగ లెక్క రావాల్నా?"

"అవ్ సర్కార్, గిదేం పని?" అన్నాడు మున్షీ, తలపాగా సర్దుకుంటూ. "మా అందరి కొంపలు ముంచె గదా!"

"నా తలుపు ఎట్లుండెనో గట్లనే చెయ్యి," అన్నారు రాజాగారు.

"హుజూర్, మరి గాలి?"

"గాలి సంగతి హకీము చూసుకుంటడు!"

వైకుంఠం ఇంటికి వచ్చి సుత్తెను నానా తిట్లూ తిట్టాడు. ఆ పట్టీ పీకడం కంటే టాంగాలే నయమన్నాడు. బాలమ్మ పొయ్యి ఊదుతూ అంతా విన్నది.

"తలుపు ఆయనది, మెడ ఆయనది. నడుమ నీకేంది లొల్లి? పీకేసి రా. రేపు టాంగా చక్రం ముందట కూసున్నప్పుడు నువ్వే ఏడుస్తవ్," అంది.

పీకాడు. పీకుతుంటే ప్రాణం పోయినట్టే అయింది. రాజాగారు దిగేది ఎడమవైపు వెనక తలుపు, ఆయన అడిగిందీ అదొక్కటే. మిగతా మూడింటి జోలికి వెళ్లలేదు. కోపం కొద్దీ గొళ్లెం కూడా కాస్త వదులు చేశాడు. తలుపు వేస్తే ఇప్పుడు పక్క గల్లీలో పావురాలు లేచాయి.

రాజాగారు మెడకు మఫ్లరు చుట్టుకుని, మీసాల నిండా దుమ్ముతో దిగారు. తలుపు పడింది. దేవిడీ అంతా లేచి నిలబడింది. మున్షీ అయితే నేలకు వంగి సలాం చేశాడు.

"శభాష్!" అన్నారు రాజాగారు మురిసిపోతూ. "పనితనమంటే గిదీ!"

అప్పటికప్పుడే కాగితం రాయించి మొహరు కొట్టించారు. పేరు ఊరంతా పాకింది. పది రోజులు తిరక్కుండానే ఇంకో దేవిడీ నుంచి మనిషి వచ్చి, తమ దొర మోటరు తలుపు మరీ మెత్తగా పడుతోందని, దాన్నీ అలాగే చేసిపెట్టమని బతిమాలాడు. అది కాగానే మరొకరు. వైకుంఠానికి టాంగాల పీడ నిజంగానే వదిలింది. మోటర్లు వరసగా వస్తున్నాయి, అతను వరసగా చెడగొడుతున్నాడు. అన్నం సహించడం లేదు, సిగ్గుగా ఉంది.

ఒక సాయంత్రం దేవిడీలో మోటరు తుడుస్తున్న అంజన్‌ను చెయ్యి పట్టుకుని కుడివైపుకు తీసుకుపోయాడు. అటువైపు ఎవరూ దిగరు.

"జర ఆ దిక్కు తిరుగు తమ్మీ," అని, అంజన్ అటు తిరిగాక వెనక తలుపు వేశాడు. "ఏమన్న ఇనవడ్డదా?"

"ఏం ఇనవడలే అన్నా. ఏస్తవా మరి?"

"ఏసిన," అన్నాడు వైకుంఠం. "గదే నా పని."