రెండు నిమ్మకాయలు

విమానాన్ని షెడ్డులోంచి తోసే ముందు కుప్పయ్య ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టాడు. పెరటి చెట్టువే. పొద్దున్నే భార్య తిరుమలమ్మ కుంకుమ అద్ది ఇచ్చింది. తోక పట్టి తోస్తే రెండూ టప్పున చితికాయి. రన్‌వే మీద ఏదీ మిగలకూడదు కాబట్టి వాటిని ఏరి ఖాకీ చొక్కా జేబులో వేసుకున్నాడు. గడ్డి కోయడం, కుక్కల్ని తరమడం, తోక తోయడం. పదకొండేళ్లుగా ఇదే పని. నిమ్మకాయల పద్ధతి మాత్రం యజమాని పెట్టింది.

సత్యవేడు దగ్గరి ఆ చిన్న క్లబ్బులో ఉన్నది ఒకే పాత విమానం. ముందు రెండు చక్రాలు, తోక కింద గుప్పెడంత ఇంకొకటి. నేల మీద కాస్త వంకర పోయిందంటే తోకే ముందుకు రావాలని చూస్తుంది. ఆ మొండితనం కుప్పయ్య భుజానికి తెలుసు.

ఆరోజు యజమాని కొడుకు ధర్మేంద్ర ఒంటరిగా ఎక్కాడు.

"బాబూ, పడమటి గాలి అడ్డంగా కొడతా ఉండాది. నేల తగిలినాంక గూడా పెడళ్ల మీంచి కాళ్లు తియ్యొద్దు సామీ. నిలబడిందాకా అది దిగినట్టు కాదు."

పైలట్లకు నేర్పే గిరిప్రసాద్ నవ్వాడు. "తోక తోసేవాడు పాఠాలు చెప్తా ఉండాడప్పా! ఇంక నేను గడ్డి కోసుకుంటా."

అరగంటకు విమానం తిరిగొచ్చింది. చక్రాలు తాకాయి, తోకా దిగింది. దిగిపోయాననుకుని ధర్మేంద్ర కాళ్లు వదిలేసి, అద్దంలోంచి చెయ్యి ఊపాడు. అప్పుడే గాలి తోకను నెట్టింది. విమానం బొంగరంలా గిర్రున తిరిగి, రెక్క నేలకు గీసుకుంటూ పోయి కంపచెట్లలో ఆగింది. ముందు పరుగెత్తి అతణ్ణి బయటికి లాగింది కుప్పయ్యే. మణికట్టు వాచింది, అంతే. కుప్పయ్య తిరుమల కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు.

సాయంత్రం యజమాని వస్తాడు. కొడుకుదే తప్పని రాసే ధైర్యం గిరిప్రసాద్‌కు లేదు.

"తోక చక్రం కింద గూడా కాయ పెట్టినావంటనే. తొక్క ఇరుక్కోని చక్రం తిరగలేదు," అన్నాడు, రాస్తున్న రిపోర్టు మీంచి తల ఎత్తకుండా.

కుప్పయ్య జేబులోంచి కాయలు తీసి ఆ కాగితం మీదే పెట్టాడు.

"తెచ్చింది రెండే సార్. రెండూ ఈడే ఉండాయి. బాబు చెయ్యి ఊపింది మీరూ చూసినారు గదా?"

ధర్మేంద్ర తన చేతికట్టు చూసుకుంటూ కూర్చున్నాడు.

"రేపట్నించి రావద్దులే, కుప్పయ్యా," అన్నాడు గిరిప్రసాద్.

పిల్లవాణ్ణి కాపాడిన స్వామి వాడి నోట ఒక్క నిజం ఎందుకు పలికించలేదో కుప్పయ్యకు అంతుపట్టలేదు. షెడ్డు తాళంచెవి మేకుకు తగిలించాడు. గుమ్మం దాటుతూ ఒక్కసారి వెనక్కి చూశాడు.

ఫ్యాను గాలికి ఎగిరిపోబోతున్న రిపోర్టును చితికిన ఆ రెండు నిమ్మకాయలే అదిమి పట్టుకున్నాయి.