బావ కాజేసిన ట్యూనింగు

గోపాలపట్నంలో మెకానిక్ సింహాద్రి పేరు చెబితే చాలు, బండివాళ్లంతా చెవి పట్టుకుని చూపిస్తారు. షెడ్డు గుమ్మం దాటకముందే చప్పుడు విని ఇంజను రోగం చెప్పేస్తాడు మరి. అలాంటివాడు ఐదు ఆదివారాలుగా టీవీ గేములో కారు రేసు ఓడిపోతూ, బావ ఇంటి పెరట్లో చేపల పొలుసు గీకుతున్నాడు. పందెం అది. ఓడినవాడు మరుసటి ఆదివారం జాలరిపేట వెళ్లి చేపలు తేవాలి, తనే బాగుచెయ్యాలి.

బావ రమణమూర్తి సొంతూరు కాకినాడ. ఉద్యోగం ఇక్కడి పోర్టు ఆఫీసులో. గేము కొన్నాడు, దానికో స్టీరింగు, పెడళ్లు కొన్నాడు. నిజం బండి బానెట్ మాత్రం జన్మలో ఎత్తి ఎరగడు.

“బండి బాగుచెయ్యడం వేరు, నడపడం వేరురా సింహాద్రీ!” అనేవాడు, ముల్లు ఏరుకుంటూ.

ఆరో ఆదివారం బావ స్నానంలో ఉండగా, సింహాద్రి ఏదో మీట నొక్కాడు. తెర మీద ఇంజను విప్పి పరిచినట్టు కనిపించింది. గేర్లు, టర్బో గాలి ఒత్తిడి, స్పార్కు ఎప్పుడు పడాలో చెప్పే టైమింగు, రేడియేటరు సైజు, అన్నీ ఉన్నాయి.

“అప్పా! ఇది మా షెడ్డే గదే!” అని వంటింట్లో ఉన్న అక్క కనకరత్నానికి కేకేశాడు.

బావ ఇన్నాళ్లూ కారును వచ్చింది వచ్చినట్టే నడుపుతున్నాడు. ట్రాకు చూస్తే అన్నీ మలుపులే. సింహాద్రి మలుపులోంచి బండి చటుక్కున లేచేలా గేర్లు మార్చాడు. ఆ వారం గెలిచాడు. పై వారమూ గెలిచాడు.

మూడో వారం మాత్రం ఇద్దరూ ఒరుసుకుంటూ వచ్చారు. బావ కారు మలుపు దగ్గర అచ్చం తన కారు గొంతుతోనే అరుస్తోంది. బావ ఫోను మాట్లాడ్డానికి లేచినప్పుడు సింహాద్రి అతని కారు సెట్టింగులోకి తొంగి చూశాడు. ప్రతి అంకె తనదే, దశాంశాలతో సహా!

పట్టుకుని నిలదీస్తే మజా ఏముంది? పోయేముందు కూర్చుని ఇంకో సెట్టింగు తయారుచేశాడు. టర్బో చివరంటా తిప్పాడు, స్పార్కు బాగా ముందుకు జరిపాడు, బరువు తగ్గుతుందన్న సాకుతో ఇంజన్ని చల్లబరిచే రేడియేటరు చిన్నది పెట్టాడు. దానికి ‘సింహాద్రి స్పెషల్’ అని పేరుపెట్టి దాచాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఇల్లంతా వినబడేలా అన్నాడు:

“అప్పా, కొత్త సెట్టింగు ఎట్టినాను. బావకి మాత్రం సెప్పకు!”

తర్వాతి ఆదివారం ఐదు ల్యాపుల రేసు. సింహాద్రి గుట్టుగా పాత సెట్టింగే పెట్టుకున్నాడు. బావ కారు బాణంలా దూసుకుపోయింది.

“ఏరా మెకానిక్కూ, దుమ్ము రుచిగా ఉందా?”

మూడో ల్యాపులో టీవీలోంచి డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు మొదలైంది. సింహాద్రికి అది వీణ విన్నట్టుంది.

“బావా, కాలు కాత్త ఎత్తు. ఇంజను ఏడెక్కిపోయి నాక్ కొడతంది.”

“నీ ఏడుపు నువ్వేడు!” అని బావ ఇంకా తొక్కాడు.

గుప్పున పొగ. కారు పక్కకు ఒరిగి ఆగిపోయింది. సింహాద్రి హారను కొట్టి మరీ దాటిపోయాడు.

“అరెరే! ఏటైపోనాది బావా? ఏ సెట్టింగు ఎట్టినావేటి?”

పేరు చెబితే దొంగతనం బయటపడుతుంది. “ఏదో... దానితో వచ్చిందేరా” అన్నాడు రమణమూర్తి.

“మరి పొద్దున్న టీవీలో అంకెలు కాయితం మీద ఎక్కించుకున్నారు, అదేటండీ?” అంది కనకరత్నం, గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి. బావ చెవులు ఎర్రబడ్డాయి. అక్కాతమ్ముళ్లు పగలబడి నవ్వారు.

మర్నాడు ఆఫీసు అవగానే రమణమూర్తి ఇస్త్రీ చొక్కాతో షెడ్డుకు వచ్చాడు. కాసేపు టైర్లు చూస్తున్నట్టు నటించి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఒరే, ఆ టైమింగంటే ఏవిట్రా అసలు?”

ఏడిపిద్దామనుకున్న సింహాద్రికి బావ మొహం చూసి మనసొప్పలేదు. రిపేరుకొచ్చిన పాత కారు స్టార్టు చేశాడు. స్పార్కు కొంచెం ముందుకు జరిపి, యాక్సిలరేటరు గట్టిగా రేజు చేశాడు.

“ఇనుకో బావా.”

రమణమూర్తి బానెట్ కిందికి వంగి చెవి పెట్టాడు. ఒక్కసారిగా మొహం వెలిగిపోయింది.

“గులకరాళ్లు! అవే గులకరాళ్లురా!”

ఆ ఆనందంలో తెల్లచొక్కా మోచెయ్యి గ్రీజు డబ్బాలో దిగబడిందని అతనికి తెలియలేదు. సింహాద్రి చూశాడు. కానీ చెప్పలేదు.