తవుడు కూలి

“ఏంది పున్నయ్య సారూ, నీ మర మొద్దుబారిందా? గింజ మీద ఇంకా ఎర్ర గీతలున్నయ్. మళ్లొక్కసారి వెయ్.”

మిల్లు గుమ్మంలో చేటలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లంతా వినేలా అంది ముత్తక్క. బసవపున్నయ్య నవ్వి బియ్యాన్ని మళ్లీ మరలో పోశాడు. ఆయనకు పోయేదేం లేదు. చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న ఆ మిల్లులో వడ్లు ఆడించినందుకు ఎవరూ డబ్బివ్వరు. తవుడు మిల్లుకే వదిలేస్తారు, అదే కూలి. ఎంత తెల్లగా పట్టిస్తే ఆయనకు అంత తవుడు.

ఆ తెల్లబియ్యం కోడలు కళావతి కోసం. పాల్వంచలో కంపెనీ కాలనీ పక్కన పెరిగిన పిల్ల. కాన్పయి నెల దాటింది. గూడెంలో బాలింతకు పప్పు పెట్టరు, బిడ్డకు కడుపునొప్పి వస్తుందని. ఆకుకూర పెట్టరు, చలవ చేస్తుందని. అన్నం, వెల్లుల్లి కారం, అంతే. పెట్టేది అన్నం ఒక్కటే అయినప్పుడు అదైనా తెల్లగా, మెత్తగా ఉండాలని ముత్తక్క పట్టుదల. నీళ్లు తేటపడేదాకా బియ్యం కడిగేది. గంజి వార్చి బర్రెకు పోసేది.

ఒకరోజు కళావతి ఒంటి చెప్పుతో ఇంట్లోకి వచ్చింది. రెండోది వాకిట్లోనే జారిపోయిందని ఆమెకు తెలియనే లేదు. “సోకు ఎక్కువైంది కోడలికి,” అని ముత్తక్క నవ్వింది. మర్నాడు కోడలి పాదం మీద ఎర్రచీమలు బారు కట్టి పోతుంటే మాత్రం నవ్వు రాలేదు.

“చీమలే బిడ్డా! దులుపుకోవ్?”

“ఏడ అత్తా?” అంటూ వంగి చూసుకుని, పాదం ఎవరిదో అన్నట్టు ఉండిపోయింది కళావతి.

ఆ వారమే బిడ్డను ఎత్తుకుని లేవబోతే మోకాళ్లు మడతపడ్డాయి. ముత్తక్క పరుగెత్తి బిడ్డను పట్టుకుంది, లేకుంటే గడప మీద పడేది. బిడ్డ ఏడుపు కూడా పీలగా, బొంగురుగా వస్తోంది. ఎవరో ఏదో చేసిన్రని ఒక ఇరుగమ్మ, పట్నపు పిల్ల పని ఎగ్గొడతందని ఇంకో పొరుగమ్మ. కళావతి అవేవీ వినలేదు.

“అత్తా, నా బిడ్డను నేను ఎత్తుకోలేనా ఇగ?”

ముత్తక్క ఆటో పిలిచింది. కొడుకు గణేష్ పాల్వంచలో డ్యూటీ దిగి నేరుగా దవాఖానాకే వచ్చాడు.

డాక్టరు హైమ చిన్న సుత్తితో కళావతి మోకాలి కింద కొట్టింది. కాలు ఎగరలేదు.

“ఏం తింటోంది?”

“మంచి బువ్వే మేడం. రెండుసార్లు పాలిష్ పట్టిస్త,” అంది ముత్తక్క, కొంచెం గర్వంగానే.

“ఊక పోయాక గింజకు పలచటి గోధుమరంగు పొర అంటుకుని ఉంటుంది చూడు. మాంసకృత్తులు, నరాలకు కావలసిన విటమిన్, బలం ఆ పొరలోనూ, గింజ మొలకెత్తే కొనలోనూ ఎక్కువ. దాన్నే గీకించావు. మిగిలినదేదో కడిగి పారబోశావు. ఈ పిల్లకు దక్కింది ఉత్త పిండి. ఆమె పాలు తాగిన బిడ్డకూ అదే కరువు.” డాక్టరు తల్లికీ బిడ్డకూ సూది మందు ఎక్కిస్తూ అడిగింది, “నీ కొడుకు పుట్టినప్పుడు నువ్వేం తిన్నావమ్మా?”

“దంపుడు బువ్వ. అప్పుడు మర ఏడిది మేడం? గతిలేక తిన్న...”

ముత్తక్కకు పేదరికం పెట్టినపాటి తిండి కూడా తన ప్రేమ కోడలికి పెట్టలేకపోయింది.

సూదులతో బిడ్డ గొంతు తొందరగానే విచ్చుకుంది. కళావతి పాదాలకు మాత్రం టైం పడుతుందని చెప్పారు. పప్పు, ఆకుకూర పెట్టాలి, ఆ పొర ఉన్న బియ్యమే వండాలి. ఇంటికొచ్చి ముత్తక్క మూల నుంచి రోకలి తీసింది గానీ, నాలుగు పోట్లకే భుజం పట్టేసింది. చేసేదేముంది, మళ్లీ మిల్లు మెట్లెక్కింది.

“సారూ, ఊక పోతే చాలు. తవుడు తియ్యకు.”

“అదేంటి ముత్తక్కా! ఎర్రగీతలుంటాయి మరి. రేపొచ్చి నా మర మొద్దుబారిందంటావు,” అన్నాడు బసవపున్నయ్య. చేటల వెనక కిసుక్కుమన్నారు. “అయినా తవుడు నువ్వే పట్టుకెళ్తే నాకు కూలేదీ?”

“ఊక తీస్కో.”

“ఊక ఊరికే ఇస్తానన్నా ఎవరూ రారు.”

ముత్తక్క కొంగు దోపుకుని ఆడవాళ్ల వైపు తిరిగింది. “అందరూ వినున్రి. మొద్దుబారింది సారు మర కాదు, నా బుర్ర. పాలిష్ బువ్వ మీద కారమేసి పెట్టి నా కోడలి కాళ్లు నేనే పడగొట్టిన. మీ ఇండ్లల్ల బాలింతలుంటే చూస్కోన్రి.”

గర్భంతో ఉన్న కూతురి కోసం వడ్లు తెచ్చిన ఒకామె తన బస్తా మూతి మళ్లీ ముడేసుకుంది. బసవపున్నయ్య తవుడు గీకే పాలిష్ బెల్టు తప్పించాడు.

“ఈ మాటతో నాకు ఇంకెంతమంది తవుడు ఎగ్గొడతారో,” అని గొణుగుతూనే ముత్తక్క వడ్లు పోశాడు. “పో, బాలింత ఇంటి దగ్గర నాకు కూలొద్దులే.”

ఆ అన్నం ఉడకడానికి పొద్దెక్కింది. “అత్తా, నమలలేక దవడలు పీకుతున్నయ్,” అంది కళావతి. “నములు బిడ్డా. కాళ్లకు లేని పని దవడలకన్నా ఉండనీ,” అంది ముత్తక్క, పప్పు ఇంకో గరిటె వేస్తూ.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున్న ముత్తక్క బర్రె దగ్గరుండగా ఇంట్లోంచి కేక వినపడింది. పేడచేతులతోనే ఉరికొచ్చింది.

కళావతి పాదం పట్టుకుని కూర్చుని ఉంది. కళ్లలో నీళ్లు.

“అత్తా, చీమ కుట్టింది!”

“ఏ కాలికి?”

“ఎడమ కాలికి. మంట లేస్తంది అత్తా, మస్తు మంట!”

ముత్తక్క చేతులు కడుక్కొచ్చి, ఉయ్యాల్లోంచి బిడ్డను తీసి తల్లి ఒడిలో పెట్టింది.