మూత ఉన్న కుండ

మా ఆయనకి నా మీద ఎంత ప్రేమో చల్లపల్లి బజారంతా చెప్పుకుని తిరిగినదాన్ని నేను. ఆ తిరిగిన కాళ్ళు విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది ఇప్పుడు.

నా పేరు నాగవేణి. చేపల వలలకి సీసం గుళ్ళు పోస్తాను. వల అంచు నీళ్ళలో నేలకి ఆనాలంటే ఆ అంచు తాడుకి వరసగా గుళ్ళుండాలి. గుండుకి ఒక పక్క చీలిక ఉంటుంది. తాడు అందులో పెట్టి పట్టకారుతో నొక్కితే మూసుకుని పట్టుకుంటుంది. మెత్తని సీసమైతేనే సుమా. గట్టి సీసమైతే చిట్లుతుంది. అప్పటికి చిట్లకపోయినా, నాలుగుసార్లు నేలకి కొట్టుకుంటే ఊడిపోతుంది.

అందుకే మా వైపు వలవాళ్ళు గుళ్ళు కొనేముందు ఒకటి పంటి కింద పెట్టి చూస్తారు. పన్ను దిగితే సరుకు మంచిదన్నమాట. మా నాన్న పోసిన గుళ్ళని మాత్రం ఎవరూ కొరికేవారు కాదు. ఆయన పోయాక నా గుళ్ళనీ కొరకలేదు. కొత్తవాడెవడైనా నోట్లో పెట్టుకోబోతే "ఏం నాయనా, జీడిపప్పనుకున్నావా?" అని దులిపేసేదాన్ని. ఆ మర్యాదకి ఎంత మురిసిపోయేదాన్నో! నా సరుకుని నేను కూడా ఎప్పుడూ కొరికి చూసుకోలేదు. అట్లా చూస్తే నాన్నని అనుమానించినట్టు అనిపించేది.

నాన్నది ఇనప మూకుడు, కట్టెల పొయ్యి, పొడుగు కాడ గరిటె. కరిగిన సీసం మీద మడ్డి తేలుతుంది. మైనం ముక్క వేసి కలిపి, మడ్డి తీసి పారేసి, తేటపడ్డాక గరిటెతో ముంచి అచ్చులో పొయ్యాలి. పోసేటప్పుడు చెయ్యి ఆగకూడదు, ఆగితే గుండులో అతుకు పడుతుంది. నెమ్మది పని, పైగా పొగంతా మొహానికే. కానీ సీసం కళ్ళెదురుగా ఉంటుంది. చూస్తే చాలు, అందులో ఏం కలిసిందో తెలిసిపోతుంది.

కిందటేడు నాకు దగ్గు పట్టుకుంది. సీసం కొనుక్కురావడం, గుళ్ళు అమ్మడం మా ఆయన దుర్గాశంకర్ చూసుకుంటాడు. ఈ వేసవి మొదట్లో ఓ రోజు విజయవాడ వెళ్ళి, బెంజ్ సర్కిల్ దగ్గర ఏదో షాపులో కరెంటు కుండ కొనుక్కొచ్చాడు. పైన మూత, అడుగున సన్నటి ముక్కు. పక్కనున్న మీట ఎత్తితే సీసం అడుగునుంచి ధారగా అచ్చులోకి దిగుతుంది. మడ్డి పైనే ఉండిపోతుంది కాబట్టి తీసే పనే లేదు.

"నాకు మూకుడే బాగుందండీ. కళ్ళకి కనబడని సీసాన్ని ఎట్లా పొయ్యను?" అన్నాను.

"నీ ప్రాణం కంటే మూకుడు ఎక్కువా వేణీ? నువ్వా పొగ మింగుతుంటే నేను చూడలేకపోతున్నా," అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి మహానుభావుడికి. పొగ రాకుండా మూతకి బోల్టులు బిగించాడు. "పొద్దున్నే కుండ నింపడం నా పని. నువ్వు మీట దగ్గర కూర్చో, చాలు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అడక్కుండా నాకోసం తెచ్చిన మొదటి వస్తువు అది. పక్కింటి వెంకటరావమ్మ గారిని పిలిచి మరీ చూపించాను. "అదృష్టవంతురాలివే" అందావిడ. ఈ వయసులో సిగ్గు కూడా పడ్డాను, నా మొహం మండ!

తేడా తెలియలేదా అంటే, తెలిసింది. కుండ ముక్కు మాటిమాటికీ పూడుకునేది. గుళ్ళు ముడతలు పడేవి. అడిగితే "వోల్టేజీ చాలట్లేదే" అనేవాడు. సరేననుకున్నాను. దగ్గు తగ్గకపోగా కడుపునొప్పి కూడా మొదలైంది. అదీ ఎవరికీ చెప్పలేదు. అంత ప్రేమగా తెచ్చిన కుండని ఆడిపోసుకోవడానికి మనసొప్పలేదు.

జూన్‌లో వేట నిషేధం ఎత్తేశారు. నాగాయలంక వాళ్ళంతా కొత్త వలలకి నా గుళ్ళే కట్టుకుని వేటకి వెళ్ళారు. వారం తిరక్కుండానే బసవపున్నయ్య బాబాయ్ వల భుజాన వేసుకుని వచ్చాడు. నాన్నకి ప్రాణస్నేహితుడు, నన్ను ఎత్తుకుని పెంచినవాడు. పలకరింపు లేదు, ఏం లేదు. వల తెచ్చి షెడ్డు ముందు పడేశాడు. అంచు తాడు సగానికి సగం బోడిగా ఉంది.

"ఏంటి బాబాయ్ ఇది?"

"నువ్వే చెప్పాలమ్మాయ్. అంచు లేచిపోతోంది, చేపలు కిందనుంచి దర్జాగా పోతున్నాయి. రేవంతా ఇదే గోల. నాగవేణి గుళ్ళు ఇంక వద్దంటున్నారు."

"నావి కాదేమో."

"నీ అచ్చు నాకు తెలీదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. తాడున మిగిలిన గుండొకటి పీకి, ఆయన ఎదురుగానే కొరికాను. పన్ను జివ్వుమంది. గుండు మీద గాటు కూడా పడలేదు. బాబాయ్ మొహం తిప్పుకున్నాడు. దానికంటే చెంప పగలగొట్టినా బాగుండేది నాకు.

కరెంటు ఆపి, మూత బోల్టులు విప్పాను. లోపల నల్లటి మడ్డి జానెడు మందాన పేరుకుని ఉంది. అందులో కరగని పలకల ముక్కలు. బాటరీ పలకలు! మేము వాడేది పాత టెలిఫోన్ కేబుళ్ళ తొడుగు సీసం, వెన్నలా ఉంటుంది. బాటరీ సీసం గట్టిది. షెడ్డు వెనక్కి పరిగెత్తి, మా ఆయన కప్పి ఉంచిన టార్పాలిన్ లాగి చూశాను. పగలగొట్టిన బాటరీ డొక్కులు గుట్టగా ఉన్నాయి. వాటి మధ్య ఒక సంచి ఉంది. అది తీసుకుని వచ్చేసరికి ఆయన బండి దిగుతున్నాడు.

బాబాయ్ని, విప్పిన మూతని చూసి అంతా అర్థమైనట్టుంది. బుకాయించలేదు.

"బాటరీ సీసం చవకే వేణీ. చెప్తే నువ్వు ఇల్లు పీకి పందిరేస్తావు. మూకుడులో అయితే ఒక్క చూపుకి కనిపెట్టేస్తావు."

"అంటే మూత నా దగ్గు కోసం కాదు."

సంచిలోది తీసి ఆయన ముందు పెట్టాను. ముక్కూ నోరూ కప్పే రబ్బరు మాస్కు. రెండు పక్కలా గుండ్రటి బిళ్ళలు, లోపల చెమట మరకలు.

"ఇదెవరిదండీ?"

"నాదే. పొద్దున్న కుండ నింపేటప్పుడు పెట్టుకుంటా. ఆ దుమ్మూ పొగా మామూలు సీసం కంటే పాడువి."

"ఆ సంగతి మీకు తెలుసన్నమాట. రోజంతా దాని పక్కన కూర్చునేదాన్ని నేను కదా? నాకొకటి తేవాలనిపించలేదా?"

"తెస్తే ఎందుకని అడుగుతావు కదా," అన్నాడు.

ఎంత మామూలుగా అన్నాడో! ఉప్పెందుకు ఎక్కువైందంటే చెప్పినట్టు చెప్పాడు. తిడదామని నోరు తెరిచాను. తిట్టు రాలేదు, దగ్గు వచ్చింది. గుమ్మం పట్టుకుని దగ్గుతూనే ఉన్నాను.

బసవపున్నయ్య బాబాయ్ వల అక్కడే వదిలేసి వచ్చి నా వీపు నిమిరాడు.

"గుళ్ళ సంగతి తర్వాత చూసుకుందాం. నడువమ్మా, ముందు డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు.

ఏడాదిగా దగ్గుతున్నాను. ఆ ఒక్క మాట మా ఆయన ఇంతవరకూ అనలేదు.