పోడియం వెనకాల పీట

నేను ఒక పీటను. అడుగు ఎత్తు, అడుగున్నర వెడల్పు, నాలుగు పొట్టి కాళ్ళు. మా ఊరి టౌను హాలు వేదిక మీద, పోడియం వెనకాల, పదిహేడేళ్ళు పనిచేశాను. మీరు ఆ హాల్లో ఎన్ని ఉపన్యాసాలు విన్నా నన్ను చూసి ఉండరు. కనపడకుండా ఉండాలనే నన్ను చేయించారు.

నా పుట్టుకకి కారణం ఒక పొడుగాటి మనిషి. హాలు కట్టిన కొత్తలో ఉన్న మునిసిపల్ చైర్మన్ గారు ఆరడుగుల రెండంగుళాలు. వడ్రంగి అప్పలాచారి ఆయన ఛాతీకి టేపు పెట్టి కొలత తీసుకుని టేకు పోడియం చేశాడు. ముందువైపు ఆయన పేరే చెక్కాడు. ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. మర్నాడు వైస్ చైర్మన్ గారు మాట్లాడడానికి వెళ్తే జనానికి మైకూ, దాని వెనకాల కొంచెం నుదురూ కనిపించాయి. పోడియం ఒక అడుగు కోసేస్తే గొడవ వదిలిపోయేది. చైర్మన్ గారి పేరున్న వస్తువు మీద రంపం పెట్టమని చెప్పే మగాడు మునిసిపాలిటీలో లేకపోయాడు. అందుకని మిగిలిన చెక్కముక్కలతో నన్ను కొట్టి, వెనకాల పడేశారు.

మీరు ఉపన్యాసకుడి ముఖం చూస్తారు. నేను పాదాలు చూస్తాను. ముఖం నటిస్తుంది, పాదాలకి ఆ విద్య రాదు. "నా హృదయం ఉప్పొంగుతోంది" అన్న పెద్దమనిషి చెప్పు విప్పి, ఒక కాలి వేలితో రెండో కాలి పిక్క తీరిగ్గా గోక్కోవడం నాకు తెలుసు. రెండే రెండు మాటలు చెప్పి విరమిస్తానన్నవాడు ఏనాడూ అరగంటకి ముందు నా మీంచి దిగలేదు. సమయం లేదన్న సంగతిని పావుగంట వివరించిన మహానుభావుణ్ణి కూడా మోశాను. ఇంక వేదికనలంకరించిన పెద్దల పేర్లు. ఒక్క పేరు మరిచిపోతే కొంప మునుగుతుందని చీటీ చూసి చదివేవాళ్ళు. చదివేసరికి వెనక వరుసల్లో సగంమంది టీ తాగడానికి వెళ్ళిపోయేవాళ్ళు.

ఇలాంటి హాల్లోనే విశ్వపతి మాస్టారు ఆదివారం పొద్దుటపూట ఉపన్యాస కళ నేర్పేవారు. ఆయన తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. మంచి మనిషి. సూత్రాలు కూడా మంచివే. నిటారుగా నిలబడాలి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, చెప్పవలసింది మూడు ముక్కల్లో పెట్టుకోవాలి, అయిపోగానే ఆపాలి. ఈ ఆఖరి సూత్రాన్ని ఆయన ఒక్కోసారి గంటసేపు బోధించేవారు. సభాకంపం పోవాలంటే ఎదురుగా ఉన్నవాళ్ళని క్యాబేజీలనుకోమనేవారు. ఒక ఇన్సూరెన్సు ఏజెంటు అలాగే అనుకుని ధైర్యం తెచ్చుకున్నాడు. ఆ ధైర్యంతో అందరినీ విసిగించాడు.

ఒక ఆదివారం ఆ క్లాసుకి గరికిన నూకరత్నం వచ్చింది. బస్టాండు పక్కన చేపల బజారులో చేపలమ్ముతుంది. నాలుగడుగుల తొమ్మిదంగుళాల మనిషి. ఆ బజారును బైపాసు అవతలికి, ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరం పంపాలని మునిసిపాలిటీ తలపెట్టింది. నెలన్నర తర్వాత టౌను హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. బజారులో ఉన్న నలభైమూడు మంది ఆడవాళ్ళూ తమ తరఫున మాట్లాడమని నూకరత్నాన్ని ఎన్నుకున్నారు. కారణం వేరే ఏమీ లేదు, ఆమె గొంతే. వంజరం ధర చెప్పిందంటే బస్సెక్కుతున్నవాడు కూడా దిగి వస్తాడట.

ఆమె చెప్పులు వేదిక మెట్ల దగ్గరే విడిచి నా మీదికెక్కింది. పదిహేడేళ్ళలో ఉత్త కాళ్ళతో నా మీద నిలబడిన మొదటి మనిషి. మడమలు పగిలి ఉన్నాయి. వేళ్ళు నా అంచుని గట్టిగా పట్టుకున్నాయి. మాస్టారు మాట్లాడమ్మా అన్నారు. బస్టాండు దాకా వినిపించే ఆ గొంతు నాకే వినిపించలేదు.

మాస్టారు పట్టు విడవలేదు. ఆయనే స్వయంగా ఉపన్యాసం రాసిచ్చారు. "వేదికనలంకరించిన గౌరవనీయులైన పెద్దలకు, సభాసదులకు" అని మొదలై, మత్స్య సంపద గుండా మానవ నాగరికత వైపు వెళ్ళింది. నూకరత్నం దాన్ని చేపలు శుభ్రం చేస్తూ బట్టీ పట్టింది. నా మీదికెక్కగానే నాగరికత దగ్గర ఆగిపోయేది. క్యాబేజీలనుకోమంటే, చేపలనుకోనా అండి అని అడిగింది. సరే అన్నారు. చేపలనుకుంటే ఖరీదు చెప్పాలనిపిస్తోందంది. ఐదో ఆదివారం మాస్టారికి ఓపిక తగ్గి, బజారులో అంత గట్టిగా అరుస్తావు, ఇక్కడ ఏమొచ్చిందమ్మా అని అడిగేశారు.

నూకరత్నం నా మీంచి దిగి చెప్పింది. "బజార్లో నాకేం కావాలో నాకు తెలుసండి. ఇక్కడ మీరు రాసింది చెప్తన్నాను."

మాస్టారికి ఆ మాట ఎక్కడో తగిలింది. ఉపన్యాసాన్ని కొంచెం కుదించారు. నాగరికతని మాత్రం వదులుకోలేకపోయారు.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు హాలు నిండింది. నలభైమూడు మంది ఆడవాళ్ళూ బుట్టలు వదిలేసి ముందు వరుసల్లో కూర్చున్నారు. వేదిక మీద కమిషనర్ గారు, పక్కన పెద్దలు, వాళ్ళ ముందు తెల్లగుడ్డ కప్పిన పొడవాటి బల్ల, పూలగుత్తులు, మంచినీళ్ళ సీసాలు. ముందు మాట్లాడినవాళ్ళు కంపు గురించి మాట్లాడారు. ఊరు సింగపూరు కావడానికి చేపల బజారొక్కటే అడ్డమన్నట్టు మాట్లాడారు. తర్వాత నూకరత్నాన్ని పిలిచారు.

నా మీదికెక్కింది. ఆమె కాళ్ళు వణుకుతుంటే నా కాళ్ళు వేదిక చెక్కమీద టకటకలాడాయి. వేదికనలంకరించిన, అంది. మళ్ళీ వేదికనలంకరించిన, అంది. ఆగిపోయింది. హాల్లో ఎవరో నవ్వారు. నిజం చెబుతున్నాను, పోడియం వెనకాల ఇన్నేళ్ళలో నాకు ఏడుపొచ్చింది ఆ ఒక్కసారే. ఆమె నోరు పెగలకపోతే నలభైమూడు ఇళ్ళ కూడు బైపాసు దాటిపోతుంది.

అప్పుడు ఆమె తల తిప్పి వెనక్కి చూసింది. ఆ చూపులో ఆమెకి అర్థమైన సంగతి నాకు పదిహేడేళ్ళుగా తెలియలేదు, మాస్టారి సూత్రాల్లోనూ లేదు. మన సభల్లో నిర్ణయం చేసే మనిషి ఉపన్యాసకుడి వీపు వెనకాల కూర్చుంటాడు. ఆమె ఎదురుగా ముందు వరుసల్లో ఉన్నవాళ్ళంతా చేపలమ్మే ఆడవాళ్ళు. వాళ్ళకి చెప్పవలసిందేముంది? వినవలసినాయన వెనకాల ఫోన్ చూసుకుంటున్నాడు.

నూకరత్నం దిగింది. వంగి నన్ను చంకన పెట్టుకుంది. నేను పోడియం వెనకనుంచి బయటికి రావడం అదే మొదలు, వెలుతురుకి కళ్ళు చెదిరాయి. కమిషనర్ గారి బల్ల ముందు నన్ను వేసి, బజారులో కూర్చునే పద్ధతిలో చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని నా మీద కూర్చుంది. పూలగుత్తుల అడ్డంలో ఆమె ఆయనకి కనపడలేదు. ఆయన అటు వంగారు, ఇటు వంగారు, చివరికి లేచి నిలబడ్డారు.

"బాబూ, మీ ఇంట్లో చేపలు తింటారా?" అని అడిగింది. మైకు లేదు. ఆ గొంతు హాలు చివరిదాకా వెళ్ళింది.

తింటామన్నారాయన. ఎవరు తెస్తారని అడిగింది. ఆఫీసుకొచ్చే దారిలో అటెండరు తెస్తాడన్నారు. నాలుగు కిలోమీటర్లు పోయి తెస్తాడా అంది. ఇంక ఆమె ఆగలేదు. పొద్దున్నే రేవు దగ్గర ఎక్కిన బస్సు తమను బజారు ముందు దించుతుందని, బైపాసు దగ్గర ఆ బస్సు ఆగదని, నెత్తిన తట్టతో అంత దూరం నడిస్తే ఐసు నీళ్ళయిపోతుందని, మధ్యాహ్నం దాటిన చేపను పిల్లి కూడా వాసన చూసి వదిలేస్తుందని చెప్పింది. ఆయన నిలబడే విన్నారు. నా మీద ఉన్న మనిషి వణకడం లేదు.

"కంపు నిజమేనండి. మేం కాదన్లేదు. మురుగుకాలవ తవ్వించండి, పోద్ది. మమ్మల్ని పంపేస్తే కంపు మాతో వస్తాది గానీ మా బేరం రాదు."

అంతే. లేచింది. ముగించే ముందు నాలుగు మాటలు లేవు, ధన్యవాదాలు లేవు. ఆ హాల్లో మాట అయిపోగానే ఆపిన మనిషిని నేను చూడడం అదే మొదలు. మూడో వరుసలో విశ్వపతి మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. తన ఉపన్యాసంలో ఒక్క మాటా వాడనందుకు బాధో, సంతోషమో ఆయన్నే అడగాలి.

ఆ హడావిడిలో నూకరత్నం నన్ను చంకన పెట్టుకునే బయటికి నడిచింది. వారం తర్వాత హాలు వాచ్‌మన్ సన్యాసిరావు నన్ను తీసుకుపోవడానికి బజారుకొచ్చాడు. నాకు బదులు రెండు చందువా చేపలు తీసుకుని తిరిగి వెళ్ళాడు. హాలు రిజిస్టరులో నన్ను చెదలు తినేశాయని ఇప్పుడు రాసి ఉంది.

మూడు వారాలకి ఉత్తర్వు వచ్చింది. బజారు ఉన్నచోటే ఉంటుంది, కాలవ తవ్విస్తారు. కాలవ ఇంకా తవ్వలేదు, అది మునిసిపాలిటీ. ఉత్తర్వు చదివి వినిపించిన రోజు నూకరత్నం నా మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కన ఉన్నవాళ్ళు బేరాలు ఆపి ఆమె చుట్టూ చేరారు.

ఇప్పుడు నా ఒంటినిండా పొలుసులే. టేకు నునుపు పోయింది, ఆ బాధ లేదు. పొద్దున ఎనిమిదయ్యేసరికి జనం మూగుతారు. ఆదివారం ఒక్కోసారి సంచి పట్టుకుని కమిషనర్ గారే వస్తారు. మా హాల్లో మాట్లాడేవాడు నిలబడేవాడు, వినేవాళ్ళు కూర్చుని ఆవులించేవాళ్ళు. ఇక్కడ నూకరత్నం కూర్చుని మాట్లాడుతుంది, ఊరంతా నిలబడి వింటుంది.