దించిన గంప

ఇలా దగ్గరికి జరగవే తల్లీ, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. ఈ సంగతి మీ అమ్మకి సగమే తెలుసు. మీ నాన్నకి ఆ సగం కూడా సగమే. నాకు గుర్తున్నంత గట్టిగా ఇంకెవరికీ గుర్తులేదు, అందుకని నా దగ్గరే విను.

పాత మార్కెట్టు హాలంటే ఇప్పుడు నువ్వు టికెట్టు కొనుక్కుని వెళ్ళే రంగుదీపాల చోటు. నేను కాపురానికొచ్చేనాటికి అది కూరల హాలు. ఇనప స్తంభాలు, పైన అద్దాల కప్పు, స్తంభానికో రాతి అరుగు. గడియారం కింది అరుగు మా అత్తది. ఆవిడ ఆకుకూరలు పెట్టుకుని కూచుని కూచుని రాయి మధ్యలో పళ్ళెంలా గుంటపడింది. మంచాన పడేముందు నన్ను అందులో కూచోబెట్టి, అటూ ఇటూ చూసి, "నా గాజులు నీకు పట్టలేదు గానీ నా గుంట పట్టిందే" అంది. ఆవిడ నోట్లోంచి నాకు వచ్చిన మెప్పు అదొక్కటే.

ఆ హాల్లో ఎవరు పెట్టారో తెలీని కట్టుబాటు ఒకటుండేది. నెత్తిన గంపతో వచ్చినదాన్ని నిలబెట్టి మాట్లాడకూడదు. ఎంత పగదైనా సరే, ముందు చెయ్యేసి గంప దించాలి, ఆ తర్వాతే తగువు. దించిన గంపని ఖాళీ అయ్యేదాకా లేపమని ఎవరూ అనకూడదు. ఎదుటి అరుగు మీద ఉల్లిపాయలమ్మే మా తోడికోడలూ నేనూ జుట్టూ జుట్టూ పట్టుకోని వారం లేదు. గంప దించకుండా మాత్రం ఒక్కసారీ పట్టుకోలేదు.

సరే, ఒకనాడు మెడలో బిళ్ళ వేలాడేసుకుని మేనేజరొకడు వచ్చాడు. కప్పు కారుతోంది, బాగుచేస్తాం, పని కాగానే ఎవరి అరుగు వాళ్ళదే అన్నాడు. నమ్మి లేచాం. మమ్మల్ని వెనకసందులో మురిక్కాలవ పక్కన కూచోబెట్టారు. ఎండొస్తే కూర వాడేది, వానొస్తే కూర తేలేది. పని అయింది. మా అరుగులు కడిగి మెరుగుపెట్టారు. అప్పుడు చెప్పాడు మేనేజరు, ఇకమీదట అది కళల కేంద్రమట, మాకు సందే ఖాయమట. అందులో ఆడే మొదటి నాటకం దేని గురించి అనుకున్నావు? కూరల మార్కెట్టు గురించే. ఏరు దాటి తెప్ప తగలేయడం విన్నాం గానీ, తగలేసిన తెప్ప బొమ్మ గీసి గోడకి తగిలించడం అక్కడే చూశా.

ఆ నాటకం కట్టిన డైరెక్టరమ్మ మంచిపిల్లే, అబద్ధమెందుకు. సందులోకొచ్చి ఆ కంపులోనే నా పక్కన చతికిలబడి, "మామ్మా, ఆ రోజుల గురించి చెప్పవా" అనేది. నేను అడక్కపోయినా చెప్తాను, అడిగితే ఆగుతానా. అత్త గుంట చెప్పా, గంప కట్టుబాటు చెప్పా. మొదటిరోజు ఆటకి నాకూ మా తోడికోడలికీ పాసులు తెచ్చి చేతిలో పెట్టింది.

"దీనికి స్టేజీ ఉండదు మామ్మా, కుర్చీలుండవు. వేషగాళ్ళ మధ్యే మీరూ తిరుగుతారు. మాట్లాడొచ్చు, ముట్టుకోవచ్చు, ఏం చేయాలనిపిస్తే అది చేయొచ్చు. మావాళ్ళు వేషం వదలరు, ఆట ఆగదు."

"ఏం చేసినా?" అన్నా.

"ఏం చేసినా" అంది, పాపం.

ఆట రోజు సాయంత్రం మా తోడికోడలు పెట్టె తెరిచి, "మంచి చీర తీయనా అక్కా?" అంది.

"చీర కాదే, గంప తియ్యి" అన్నా.

గుమ్మం దగ్గర కాపలావాడు అడ్డొచ్చాడు. "వేషగాళ్ళు వెనక గుమ్మంలోంచి రావాలమ్మా."

"మేం అతిథులం నాయనా" అని పాసు చూపించా.

పాసు చూశాడు, నెత్తిన గంప చూశాడు, నా మొహం ముడతలు చూశాడు. "మేకప్ బాగా కుదిరింది" అని దారిచ్చాడు.

లోపల చీకటి, అక్కడక్కడ వెలుగు. గోడల మీద వాన పడుతోంది, ఎవరూ తడవడం లేదు. పైనుంచి మా పాత కేకలు వినబడుతున్నాయి, కేకేసే మనిషి లేదు. టొమాటోలు మైనంవి, పాలకూర గుడ్డది. మా తోడికోడలు ఒక ఉల్లిపాయని గోటితో గిల్లి చూసి, "అక్కా, ఇది కోస్తే ఏడవక్కర్లేదే" అంది.

గడియారం కింద నా గుంటలో ఒక పిల్ల కూచునుంది. నాలా ముడి, నాలా బొడ్లో సంచి. చుట్టూ జనం. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డా.

"లేమ్మా, అది నా చోటు."

ఆ పిల్ల తొణకలేదు. "ఈ చోటు మా అత్తది. నన్ను లేపేవాడు ఇంకా పుట్టలేదు" అంది.

నేను సందులో డైరెక్టరమ్మకి చెప్పిన మాటే, అక్షరం పోకుండా. ఒళ్ళు మండాలా, నవ్వు రావాలా?

"నేనూ అలాగే అనుకున్నానే. లేపారు. అందుకే మళ్ళీ వచ్చా. నెత్తిన బరువుంది, ఇంకెంతసేపు నిలబెడతావు?"

ఆ పిల్ల కళ్ళు ఒక్క క్షణం చీకట్లో డైరెక్టరమ్మ కోసం వెతికాయి. దొరికిందో లేదో నాకు తెలీదు. గుడ్డ పాలకూర పక్కకి నెట్టి లేచింది. "బరువు దించాకే తగువు" అని గంపకి చెయ్యేసింది. వాళ్ళ నాటకంలో ఉన్న మాటేనట అది. దించాక పక్కకి జరిగి నాకు గుంట వదిలింది.

గంప మీద తడిగుడ్డ తీశానో లేదో కొత్తిమీర వాసన హాలంతా పాకింది. జనం అటునుంచి ఇటు తిరిగారు. ఒకావిడ కట్ట తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది నిజందే" అని మొగుడికి చూపించింది. ఇక చూడు, మైనం టొమాటోల దగ్గర ఈగ లేదు. నాకెదురుగా మా తోడికోడలు కేకెత్తుకుంది, నేను దాన్ని మించి ఎత్తుకున్నా. పైనుంచి వచ్చే కేకలు మా గొంతుల కింద ఎప్పుడు మునిగిపోయాయో ఎవరికీ తెలీదు.

మేనేజరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. అరిస్తే ఆట చెడుతుంది, ఊరుకుంటే మేం కూచుంటాం. తేలు కుట్టిన దొంగలా నా చెవి దగ్గర వంగాడు.

"ఇక చాలు, లేవండి."

"గంప ఖాళీ కాలేదు బాబూ."

"ఎంత మిగిలింది?"

"ఒక్క కట్ట."

"ఇలా ఇవ్వండి, నేనే కొంటా."

"నీకమ్మను."

"ఎందుకమ్మరు?"

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు. నువ్వు కొనబోయావు. నేను కొరివిని."

జనం ఘొల్లుమన్నారు. వాడూ వేషగాడే అనుకున్నారు. ఒకాయన వాడి భుజం తట్టి మెచ్చుకున్నాడు కూడా.

ఆట ముగిసి దీపాలన్నీ వెలిగాయి. డైరెక్టరమ్మ వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో పోల్చుకోలేకపోయా. "నేను రాసుకున్న ముగింపు ఇది కాదు మామ్మా" అంది.

"నాకసలు ముగింపే లేదమ్మా. గంపలో ఇంకా ఒక కట్ట ఉంది."

మేనేజరు కాపలావాణ్ణి పిలిచి గంప బయట పెట్టమన్నాడు. నా వేషం కట్టిన పిల్ల అప్పటికి ముడి విప్పేసి, మొహం తుడుచుకుని, మామూలు బట్టల్లో ఉంది. వచ్చి గంప మీద చెయ్యి పెట్టింది.

"ఇప్పుడు వేషంలో లేను సార్. ఈ గంప దించింది నేను. ఖాళీ అయ్యేదాకా లేపనివ్వను."

కాపలావాడు రెండడుగులు వెనక్కేశాడు. "సార్, అది మేకప్ కాదని నాకిప్పుడే అర్థమైంది" అన్నాడు.

గంప అక్కడే వదిలి ఇంటికొచ్చేశా. తెల్లారి వెళ్ళి తలుపు తట్టా, నా గంప లోపలుంది తెరవమని. తెరవక చస్తారా? పాత కట్ట మీద కొత్త కట్టలు పేర్చా. నా వెనకే సందులోవాళ్ళంతా వరసగా గంపలతో వచ్చారు. ఒకదాని గంప ఇంకొకత్తె దించింది. ఎవరి అరుగు వాళ్ళు వెతుక్కోలేదు, కాళ్ళే తీసుకెళ్ళాయి.

తర్వాత మేనేజరు బేరానికొచ్చాడు. రోజూ సాయంత్రం వేషం కట్టి కూచోమన్నాడు, చీర కూడా వాళ్ళే ఇస్తారట. నాలా ఉండడానికి నాకు వేషమెందుకు? కుదరదన్నా. చివరికి పొద్దున మేం, సాయంత్రం వాళ్ళు అని తేలింది. అది వాళ్ళ దయ అని ఎవరైనా అంటే నమ్మకు. దయ ఇచ్చినవాడు రేపు వెనక్కి తీసుకుంటాడు. గంపయితే ఖాళీ కావాలి.

అది ఖాళీ కాదు. అడుగున ఒక కట్ట ఎప్పుడూ ఉంటుంది. కొత్తది పెట్టాకే వాడిపోయినది తీస్తా. ఎంత మొహమాటపెట్టినా, ఎంత కావలసినవాళ్ళడిగినా ఆ ఒక్క కట్టా అమ్మను.

నా మోకాళ్ళు మొరాయించే రోజు వస్తుంది. అప్పుడు నువ్వే కూచుంటావో, ఇంకెవరినైనా కూచోబెడతావో నీ ఇష్టం. గుంట పట్టకపోతే కాస్త సర్దుకో. ఈ అరుగు మీకెవరిచ్చారని ఎవరైనా అడిగితే మాత్రం, వాళ్ళని దగ్గర కూచోబెట్టుకుని ఇదంతా చెప్పు. కొంచెం పెంచి చెప్పినా పరవాలేదు, నేనూ అక్కడక్కడ పెంచాను. అడుగు కట్ట సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు.