బుచ్చవ్వ విసిరేసిన నడుం బెల్టు

నేను ఒక నడుం బెల్టును. లాగితే సాగే గుడ్డ, వెనక నాలుగు ఉక్కు బద్దలు, ముందు చర్రుమని ఊడే పట్టీ. అంతే నేను. పట్నంలో రేకుల షెడ్డులో నన్ను కుట్టిన ఆడమనిషి మధ్యమధ్య తన నడుము తనే గుద్దుకునేది. ఆమెకు బెల్టు లేదు. ఎందుకు లేదో నన్నడక్కండి, షెడ్డు ఓనర్నడగండి.

నన్ను మొదట తొడుక్కున్నది రాజేశ్వర్రావు పటేలు. చొక్కా మీదే కట్టేవాడు, ఊరంతా చూడాలిగా! చూసినవాళ్ళు "పాపం, ఎంత కష్టపడుతున్నాడో" అనుకోవాలి. ఆయన వంగగా నేనెన్నడూ చూడలేదు. కాలి చెప్పు జారినా జీతగాణ్ణి కేకేసేవాడు.

ఆయన పొలంలో నాట్లేసే బుచ్చవ్వ నిరుడు నారు కట్టతో ఒడ్డు మీద జారిపడింది. దెబ్బ మానింది, నొప్పి మానలేదు. నాట్లు ఆగిపోతాయని పటేలు జాలిపడి నన్ను ఆమెకిచ్చాడు. జాలి నాట్ల మీద.

ఆమె నడుముకు అతుక్కున్నాకే నాకు నడుమంటే తెలిసింది. వెన్నుకు ఇటొకటి అటొకటి కండలుంటాయి. మనిషి వంగుతుంటే పట్టి ఆపుతాయి, పూర్తిగా వంగాక వదిలేసి విశ్రాంతి తీసుకుంటాయి. బుచ్చవ్వవి వదలవు. దొంగ వచ్చిపోయి ఏడాదైనా ఇంకా కర్ర దించని కాపలావాళ్ళలాగా రాయిలా బిగుసుకునే ఉంటాయి.

సర్కారు దవాఖానలో కసరత్తులు చేయించే డాక్టరమ్మ నన్ను విప్పి బల్ల మీద పడేసింది. బుచ్చవ్వ నడుముకు కండల బిగువు చూపే బిళ్ళలు అతికించి వంగమన్నది. తెర మీద గీత ఒకటే ఎగురుడు.

"వంగినంక ఈ గీత పండుకోవాలె అవ్వా. నడుము నొచ్చేటోళ్ళందరికీ ఇట్లనే ఉండదు గని, నీదైతే పండుకుంటలేదు. నొస్తదేమోనని కండ బిగవడుతున్నది, బిగవట్టీ బిగవట్టీ ఇంకింత నొస్తున్నది."

"మరి బెల్టు?"

"మెల్లమెల్లగ ఇడువు. ఊపిరి ఇడుసుకుంట వంగు."

బుచ్చవ్వ శ్రద్ధగా విన్నది. ఇంటికొచ్చి నన్ను ఇంకో జానెడు బిగించింది. మనుషులు!

ఆమె భయం ఆమెది. నాట్లేసే ఆడవాళ్ళు వరసగా నిలబడి నాటుతూ వెనక్కి నడుస్తారు. ఆ వరసే మునుం. అందులో పాట ఎత్తేది బుచ్చవ్వ. ఆలస్యమైనదాన్ని పక్కవాళ్ళు నాట్లతో చుట్టేసి నవ్వుతారు. ముఠా పెద్ద ఓదెమ్మ ముందే చెప్పేసింది: "ఈ మడిల సూస్త. ఎనకవడ్డవో, ఇగ ముసలోళ్ళతోని ఒడ్డు మీదికెల్లి నారు ఇసురు."

ఆ మడి నాటే పొద్దు ముఠా ఆడవాళ్ళు ప్రేమ కొద్దీ ఆమెకు చెరోపక్కా చేరి నన్ను గుంజారు. "ఊపిరి బిగవట్టు వదినె!" డాక్టరమ్మ వదలమన్నదే వీళ్ళు బిగబట్టమన్నారు. ఎంత బిగిస్తే అంత బలమట.

బుచ్చవ్వ పాటెత్తింది. రెండో చరణంలో గొంతు ఆగింది. ఊపిరికి చోటేది, నేనున్నానుగా! అటూ ఇటూ నాట్లు ఆమెను దాటిపోయాయి, పాట లేక కాస్త దూరంలో అవీ ఆగాయి.

"ఏందే బుచ్చీ, పాట మింగినవా?" ఓదెమ్మ అరిచింది. "పటేలు బెల్టు కడితే పటేలు నడుమే వచ్చినట్టున్నది, వంగుతనే లేదు!"

మునుమంతా ఘొల్లుమంది. బుచ్చవ్వకూ నవ్వాగలేదు. నన్ను కట్టుకుని నవ్వి చూడండి, తెలుస్తుంది. చర్రున విప్పి ఒడ్డు మీదికి విసిరింది. "నాకు నా పాట గావాలె! దీన్ని పటేలుకే కట్టుండ్రి!"

ఒడ్డు మీద నుంచి చూశాను. నిండా ఊపిరి వదిలి, చేతులు వేలాడేసి, మెల్లగా వంగింది. కండలు వదిలాయో లేదో నాకేం తెలుసు, నేనక్కడ లేను. పాట మాత్రం మూడో చరణం దాటింది.

మడి ఒడ్డుకు ఆఖరున చేరింది ఆమే. మోకాలి మీద చెయ్యేసి లేస్తూ నొప్పిని బూతులు తిట్టింది.

"ఎనకవడ్డవ్," అంది ఓదెమ్మ. బుచ్చవ్వ తల దించుకుంది. "గని నీ పాట ఆగినప్పుడు మేమూ ఆగినం. రేపు నా పక్కన మునుం వట్టు."

నన్నెవరూ అడగలేదు. వరి పాలుపోసుకునే వేళకు అదే పొలంలో దిష్టిబొమ్మకు కట్టారు. దానికి తొడిగింది పటేలు పాత చొక్కా. మళ్ళీ అదే చొక్కా, అదే వంగని నడుము. మొదట్లో పిట్టలు కొంచెం జంకాయి. ఇప్పుడు నా మీదే కూర్చుంటున్నాయి. వంగి రాయి తీయలేనివాడు ఏం కొడతాడని వాటికి తెలిసిపోయింది.